బాదం ఆకులు రాలే వాకిలి

ఇరవై రెండేళ్ళ వయసులో అందమైనవన్నీ దూరదేశాల్లోనే ఉంటాయనే నమ్మకం ఒకటి ఉంటుంది. ఆ రోజుల్లో నాకది బాగా ముదిరింది. కళ్యాణదుర్గంలో ఒక ఫోటో స్టూడియోలో పనిచేసేవాణ్ణి. యజమానిని అందరం భాయ్ అనేవాళ్ళం. ఫోటో దిగినవాళ్ళ వెనకున్న గోడను చెరిపేసి, కంప్యూటర్లో మరో దృశ్యం అతికించడం నా పని. అందరూ కోరేది జపాన్ గుడి. చెట్ల మీద ఎర్రటి ఆకులు, నేల మీద ఎర్రటి ఆకులు, మనిషి అలికిడే లేదు. మా చుట్టుపక్కల కొత్త దంపతుల్లో సగం మంది తమకు తెలియకుండానే జపాన్ వెళ్ళొచ్చారు. (ఒక తాత తన ఫోటో చూసుకుని, "ఇది యాడప్పా, మడకశిరా?" అన్నాడు.) అలాంటి ఫోటో ఒక్కటైనా నా చేత్తో నేను తీయాలని పిచ్చి పట్టింది. భాయ్‌తో చెబితే, "జపాను కంప్యూటర్లోనే ఉండాది కదరా, మళ్ళా తీసేదేల?" అని తన పనిలో పడ్డాడు.

మాఘమాసంలో ఒకనాడు కంబదూరు వైపు ఒక పెళ్ళి ఆల్బమ్ ఇచ్చి వస్తుంటే, రోడ్డుకు కాస్త ఎడంగా చిన్న రాతి శివాలయం, దాని ముందు ఒక బాదం చెట్టు కనబడ్డాయి. రాలే ముందు బాదం ఆకు ఎంత ఎర్రబడుతుందో లోకానికంతా తెలుసు, నేను మాత్రం ఆ రోజే చూశాను. చుట్టూ శనక్కాయ పీకేసిన బోడి చేలు, వాటి మధ్య ఆ ఎరుపు. బండి ఆపి పరుగెత్తాను. అప్పటికే ఎండ నడినెత్తికి వచ్చింది. పైగా వాకిట్లో ఒక అవ్వ రాలిన ఆకులన్నీ ఊడ్చి కుప్ప చేస్తోంది. పూజారి వారానికొకసారి వస్తాడట, మిగతా రోజుల్లో గుడికి దిక్కు ఆమే.

"అవ్వా, సోమవారం పొద్దున్నే వచ్చి ఈ ఆకుల్ని ఫోటో తీస్తా. అంతవరకూ ఊడ్వద్దు" అన్నాను. ఆమె చీపురు పక్కన పెట్టి నన్ను ఎగాదిగా చూసింది. "తియ్యి నాయనా. తీసి మా సిమెంటు మామకు చూపీ. శివరాత్రి లోపల ఈ మాను కొట్టేస్తాడంట." సిమెంటు మామ ఆ ఊరి పెద్ద. ఖాళీ నేల కనబడితే చాలు సిమెంటు వేయించాలని చూస్తాడు కాబట్టి ఆ పేరు. రాలే ఆకులతో గుడి ముందంతా కసువవుతోందని ఆయన పట్టు. అది రావి చెట్టో వేప చెట్టో అయితే గొడ్డలి ఎత్తడానికి భయపడేవారు. పాపం, బాదం చెట్టుకు ఏ దేవుడి అండా లేదు. "కరువులో ట్యాంకరు వస్తే నాకు రెండు బిందెలు దొరికేవి. ఒకటి తాగి, ఒకటి దీనికి పోసినా. మేకలు అమ్ముకుంటి గానీ దీన్ని ఎండనీలే" అంది అవ్వ. గొంతులో ఏడుపు లేదు. నాకే మనసు బరువెక్కింది. నా ఫోటోతో ఆ చెట్టును కాపాడి తీరతానని అక్కడే మనసులో ఒట్టు వేసుకున్నాను.

సోమవారం తెల్లవారేసరికి గుడి దగ్గరున్నాను. వాకిలి అద్దంలా ఉంది. పేడనీళ్ళు చల్లి, ముగ్గు వేసి, గడపకు పసుపు రాసి ఉంది. నేల మీద ఒక్క ఆకు లేదు, చెట్టు మీదా లేదు! అవ్వ పెట్టెలోని పట్టుచీర కట్టుకుని చెట్టు పక్కన నిలబడి ఉంది.

"ఆకులేవీ అవ్వా?"

"అన్నీ దోటితో దులిపించినా నాయనా. ఫోటో తీసే పొద్దుకు ఒకటి రాలినా నీకే చెడ్డపేరు."

"ఊడ్వద్దని చెప్పినా కదా!"

"ముసిల్ది కష్టపడుతుందని మొగమాటానికి అన్నావనుకొంటి."

మా వైపు ఇంటికొచ్చిన మనిషి కాఫీ వద్దంటే పెట్టమనే అర్థం. దులిపినవన్నీ తన మేకలకు వేసిందట. ఆకుల కోసం దొడ్డికి పరుగెత్తాను. అమ్మేయగా మిగిలిన రెండు మేకలు నా కళ నమిలేస్తూ నన్ను జాలిగా చూశాయి. వాటి నోటి ముందు నుంచి దోసెడు ఆకులు లాక్కొచ్చి వాకిట్లో ఒక్కొక్కటే అందంగా పరిచాను. వెనక్కి తిరిగి చూస్తే, అవ్వ పట్టుచీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని నేను పరిచినవి పరిచినట్టే ఊడ్చుకుంటూ వస్తోంది. "నువ్వు చల్లుతానే ఉండావు, నేనెట్ల చూస్తా ఉండేది?" అంది. తప్పు చేస్తున్న వాణ్ణి నేనేనని తేలిపోయింది. చేసేదిలేక, ఊడ్చిన వాకిలిని, బోడి చెట్టును, చేతులు బిగబట్టి నిలబడ్డ అవ్వను ఫోటో తీశాను.

చెట్టు పోయినట్టే అనుకుంటూ ఆ ఫోటోను సిమెంటు మామకు చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడాయన. "ఇది మన గుడేనా? ఇంత సుబ్బరంగా ఉంటే మళ్ళా సిమెంటు ఏల? ఆయమ్మ ఉన్నన్నాళ్ళు మానును ఉండనీలేప్పా" అన్నాడు. అవ్వకు చెబితే ఆమె సంతోషంతో ఎగరలేదు. చెట్టు మొదలు మీద చెయ్యి వేసి, కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం నా ఎర్రాకులు పోయాయని కళ్యాణదుర్గం దాకా కుములుతూనే వచ్చాను. ఆ వయసు అంతే మరి.

అవ్వ పోయి మూడేళ్ళయింది. ఆమె వెనకే సిమెంటు మామా పోయాడు కాబట్టి, చెట్టును కొట్టడానికైనా తలచుకునేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. మొన్న మాఘంలో అటు వెళితే, గుడి వాకిలి నిండా చీలమండలు మునిగేంత ఎర్రటి ఆకులు. పొద్దుటెండ ఏటవాలుగా పడుతోంది. చుట్టూ మనిషి జాడ లేదు. నేను కోరుకున్న ఫోటో ఇన్నేళ్ళకు నా ముందు పరుచుకుని ఉంది. కెమెరా ఎత్తాను గానీ తీయబుద్ధి కాలేదు. ఊడ్చే మనిషి లేదు కనుకే అక్కడ అంత అందం ఉందని తెలిసి, కెమెరా గడప మీద పెట్టి చీపురు కోసం వెదికాను.

కాసేపటికి గొర్రెలు తోలుకుపోతున్న ఒకాయన గుడి ముందు ఆగాడు. "ఏమన్నా, కెమెరా తెచ్చినావు, ఫోటో తీయలేదా?"

"ఊడ్చినాక తీస్తాలేప్పా" అన్నాను, నడుం పట్టుకుని.