గీజర్ కిటికీకి అడ్డం పెట్టిన నా ముఖం

దవాఖానలో డాక్టరమ్మ నన్ను అడిగింది ఒకటే ప్రశ్న. "మీ బాత్రూంలో గాలి కిటికీ ఉందా?"

నేను చెప్పింది ఒకటే మాట. "ఉంది మేడం."

అబద్ధం కాదు. ఆ కిటికీ ఇవాళ్టికీ ఉంది, వచ్చి చూసుకోవచ్చు. కాకపోతే ఆ పూట ఆ కిటికీలో ఇంకొకటి కూడా ఉంది. దాని సంగతి నేను చెప్పలేదు. ఆ ఒక్క సంగతి చెప్పకపోవడం వల్ల ఒక మంచి పనివాడి పేరు మక్తల్ బజారులో మట్టిపాలైంది. మా అత్తగారు ఏ పాపం ఎరుగని మనిషిని ఏడాదిపాటు తిట్టిపోసింది. నేనేమో నా స్టీలు సామాన్ల దుకాణంలో, గల్లాపెట్టె వెనక, పెద్దమనిషిలా కూర్చున్నాను. చాలా పెద్ద దుర్ఘటన ఇది. మీరు నవ్వుకోండి, నాకు అభ్యంతరం లేదు. నవ్వుతుండగా మధ్యలో ఎక్కడైనా మీ ముఖమే కనిపిస్తే మాత్రం నన్ను అనకండి.

మా ఊరు మహబూబ్‌నగర్ జిల్లాలోంచి నారాయణపేట జిల్లాలోకి మారిన కొత్తలో నేను మా కాలనీ సంఘానికి కార్యదర్శినయ్యాను. ఏకగ్రీవంగా ఎన్నికయ్యాను. అంటే ఆ మీటింగుకు అధ్యక్షుడు, నేను తప్ప ఎవరూ రాలేదని అర్థం. ఆ గౌరవం తలకెక్కి, కొత్త సంవత్సరానికి కాలనీవాసులకు శుభాకాంక్షలు చెబుతూ రెండు ఫ్లెక్సీలు కొట్టించాను. తెల్లచొక్కా, జోడించిన చేతులు, వేలికి ఉంగరం, చెవి నుంచి చెవిదాకా నవ్వు. వయసు కాస్త తగ్గించమంటే ఫ్లెక్సీ కొట్టేవాడు చేతికి ఎముక లేనట్టు తగ్గించాడు. మా ఆవిడ సుజాత చూసి, "ఎవరీ పిలగాడు?" అని అడిగింది. ఒక ఫ్లెక్సీ కాలనీ మొదట్లో కట్టించాను. రెండోది ఇంట్లో మిగిలింది. అది అలా మిగలకపోతే ఈ కథే లేదు.

అదే చలికాలం మా ఇంటికి గ్యాస్ గీజర్ వచ్చింది. బిగించడానికి జహంగీర్ భాయ్‌ని పిలిచాను. పాత మోపెడ్ మీద సామాన్ల సంచీ వేసుకుని ఊరంతా తిరిగి పొయ్యిలు, గీజర్లు బాగుచేసేవాడు. వచ్చీ రాగానే బాత్రూం నలుమూలలా చూశాడు.

"సేటూ, నా మాట ఇంటే దీన్ని లోపల పెట్టొద్దు. బయటి గోడకు పెడత. వేడినీళ్లు పైపుల లోపలికొస్తయ్."

"బయట పెడితే సుట్టాలకు ఎట్ల కనిపిస్తది భాయ్? లోపలనే పెట్టు."

"మీ ఇష్టం. అయితే సిలిండర్ బయటుండాలె. ఇగ గా కిటికీ ఎన్నడు మూయొద్దు. మంట గుడ మన లెక్కనే సేటూ, గాలి పీలుస్తది. చిన్న అర్రల మనిషికీ మంటకూ ఇద్దరికీ గాలి సాలదు. కొట్లాటల మనిషే ఓడిపోతడు."

"ఇంక?"

"మంట నీలంగుండాలె. పసుపు పచ్చగైందంటే బంద్ చేసి నాకు ఫోన్ కొట్టుండ్రి. బకిట్లు నింపుకొని, గీజర్ బంద్ చేసి, రెగ్యులేటర్ తిప్పినంకనే తానం. గ్యాస్ వాసనొస్తే స్విచ్ ముట్టుకోవద్దు, తలుపులు తెరువుండ్రి."

"ఇది గీజరా భాయ్, రాకెట్టా?" అన్నాను నేను. నా జోకుకు నేను ఒక్కణ్ణే నవ్వాను.

కొన్నాళ్లకు గీజర్ వెలగడం మానేసింది. నల్లా తిప్పితే టిక్ టిక్ టిక్ అంటుంది తప్ప మంట లేదు. అడుగున పెట్టే రెండు పెద్ద సెల్లులు అయిపోయి ఉంటాయని నేనే కనిపెట్టి, సుజాత ముందు ఇంజనీరులా మోకాళ్ల మీద కూర్చుని కొత్తవి వేశాను. ఈసారి టిక్ కూడా అనలేదు. చివరికి జహంగీర్ భాయే వచ్చాడు. మూత తెరిచి, ఒక సెల్లు తీసి, తలకిందులు చేసి మళ్లీ పెట్టాడు. నల్లా తిప్పగానే భగ్గున నీలం మంట. రెండింటినీ నేను ఒకే దిక్కుకు పెట్టానన్నమాట.

"ఏమైంది భాయ్?" అని సుజాత వంటింట్లోంచి అడిగింది.

జహంగీర్ నా వైపు చూశాడు. "ఏంలేదమ్మా, మిషను జర అలిగింది" అన్నాడు.

నా పరువు కాపాడిన మనిషి అని నాకప్పుడే తెలియాలి. నేనేమో, పరవాలేదే, లౌక్యం తెలిసినవాడే అనుకుని ఊరుకున్నాను.

ఆ తర్వాత ఆత్మకూర్ నుంచి మా అత్తగారు నర్సమ్మ దిగింది. కట్టెల పొయ్యి మీద కాగిన నీళ్లు తప్ప ఎరుగని మనిషి. గీజర్ని చూసి, "గోడకు కుండ తగిలేసినట్టు గిదేందిరా అల్లుడా" అంది. మొదటి రోజు స్నానం చేసి వణుక్కుంటూ బయటికొచ్చింది.

"నీళ్లు మంచిగున్నయ్ గని, గా కిటికీలకెల్లి గాలి కొడతాంది బిడ్డా. వీపు మీద మంచు పోసినట్టున్నది."

అల్లుడి ఇంట్లో అత్తకు వీపు చల్లబడిందని ఆత్మకూర్‌లో తెలిస్తే నా గతేమిటి? జహంగీర్ చెప్పిన మాట గుర్తుకు రాలేదా అంటే, వచ్చింది. వస్తే, "రెండు రోజుల ముచ్చటే కదా" అని నేనే దాన్ని వెనక్కి పంపించాను. మిగిలిన ఫ్లెక్సీ తెచ్చి, కిటికీ కొలతకు మడిచి, చుట్టూ పాత గుడ్డలు కుక్కి బిగించాను. నా ముఖం బయటికి వచ్చేట్టు పెట్టాను. అత్తగారు స్నానం చేసే గదిలోకి అల్లుడు ఫోటోలోనైనా చూడకూడదు కదా! మా ఇంటి వెనక బర్రెల కొట్టం తప్ప ఏమీ లేదు. కొత్త సంవత్సరం శుభాకాంక్షలు బర్రెలకు అందాయి.

మర్నాడు అత్తగారు సంతోషంగా బయటికొచ్చింది. "గాలి బందైంది అల్లుడా, నువ్వు బంగారం. గని తలకాయ జర నొస్తాంది."

"పొద్దస్తమానం టీవీ సూస్తే నొయ్యదా అత్తమ్మా" అన్నాను.

ఆ మరుసటి రోజు సుజాత అంది, "ఏమయ్యా, మంట పసుపు పచ్చగ అయితాంది. జహంగీర్ భాయ్‌కి ఫోన్ చేయుండ్రి."

"మీ అమ్మ వచ్చిన సంబురానికి అది గుడ పసుపు పూసుకున్నది" అన్నాను. ఇంత తెలివిగా మాట్లాడే మనిషిని ఎవరైనా ఆపాల్సింది. ఎవరూ ఆపలేదు.

మూడో రోజు పొద్దున్నే బాత్రూంలో చెంబు కిందపడిన చప్పుడైంది. వెనకనే ఇంకేదో పడింది.

"అమ్మా!" అని సుజాత పిలిచింది. నీళ్ల చప్పుడు తప్ప జవాబు లేదు. "అమ్మా! ఓ అమ్మా!"

నేను తలుపుకు భుజం పెట్టాను. మూడో దెబ్బకు గొళ్లెం ఊడింది. సుజాత ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి దూకి, గీజర్ ఆపి, తల్లికి దుప్పటి చుట్టింది. ఇద్దరం కలిసి వాకిట్లోకి మోసుకొచ్చాం. ఆమె తల నా మోచేతిలో తడిగుడ్డలా వేలాడింది. ఆ కొద్దిసేపు నేను ఏ జోకూ వేయలేదు. ఇవాళ్టికీ ఆ కొద్దిసేపటి మీద జోకు వేయడం నాకు చేతకాదు.

బయటి గాలి తగిలాక కళ్లు తెరిచింది. నన్ను చూసి, "నువ్వెవరు బిడ్డా?" అంది. దవాఖానలో ముక్కుకు ఆక్సిజన్ పెట్టారు. డాక్టరమ్మ అంతా విని, "గాలి చాలక మంట సరిగా కాలకపోతే విషపు గాలి వస్తుంది. దానికి రంగుండదు, వాసనుండదు. ఇంకొంచెం ఆలస్యమైతే ఈమె దక్కేది కాదు" అంది. తర్వాతే ఆ ప్రశ్న అడిగింది. నేను ఆ జవాబు చెప్పాను. సుజాత అప్పుడు బయట ఎవరికో ఫోన్ చేస్తోంది; కిటికీ మూయడానికీ ఆ విషపు గాలికీ సంబంధం ఉందని నేను ఇంట్లో చెప్పనూ లేదు.

"కిటికీ ఉందంటున్నారు కదా, అయితే బిగించిన మనిషిని పిలిచి చూపించండి" అంది.

ఇంటికి వెళ్లగానే ఫ్లెక్సీ పీకేద్దామని నా ఆలోచన. ఆమెను ఇంటికి తీసుకొచ్చేసరికి వాకిట్లో మోపెడ్ ఉంది. సుజాత దవాఖాన నుంచే ఫోన్ చేసిందట. నేను బాత్రూంలోకి పరుగెత్తాను. జహంగీర్ అప్పటికే స్టూలెక్కి, కిటికీలోంచి గుడ్డలన్నీ పీకి, ఫ్లెక్సీ లాగి మడత విప్పాడు. చేతులు జోడించి నవ్వుతూ నేను బయటపడ్డాను.

అతను ఫోటోను చూశాడు. నన్ను చూశాడు.

"సేటూ... గిది మీరే గద."

"మెల్లగ భాయ్. బయట మా అత్తమ్మ ఉన్నది."

బయట మంచం మీంచి ఆమె మొదలుపెట్టనే పెట్టింది. "ఏడున్నడు గా జాంగీరు? ఏం పని నేర్చుకున్నవురా? నన్ను సంపుదామనే బిగిచ్చినవా? నీ చేతులు పడిపోను!"

జహంగీర్ వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. నా వైపు తిరిగి ఆగాడు. చెప్పడానికి నాకు అవకాశం ఇచ్చాడు, ఒక బీడీ కాలేంత సేపు ఇచ్చాడు. నేను గుమ్మంలోనే ఆగి తలెత్తి, లోపల తిరగని ఫ్యానును పరీక్షగా చూశాను.

"ఇగ ఏం ఫికర్ లేదమ్మా" అన్నాడు చివరికి. "కిటికీ దిక్కు మాత్రం జర సూస్తుండుండ్రి." ఫ్లెక్సీని చుట్టి, చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

నేను జహంగీర్ మీద ఒక్క నింద కూడా వేయలేదు. అది గమనించండి. దుకాణానికి వచ్చినవాళ్లు "గీజర్ ఎవరు బిగిచ్చిండ్రు సేటూ?" అని అడిగితే "జహంగీర్" అనేవాణ్ణి. తర్వాత ఒక నిట్టూర్పు విడిచేవాణ్ణి. అంతే. ఆ నిట్టూర్పును మా ఊరు గిన్నెలతో పాటు ఇంటింటికీ మోసుకుపోయింది. ఎండాకాలం వచ్చేసరికి అతన్ని గీజర్ పనికి పిలిచేవాళ్లు లేరు. వానాకాలానికి పొయ్యి పనికి పిలిచేవాళ్లూ లేరు. మోపెడ్ చప్పుడు మా కాలనీలో వినిపించడం మానేసింది. అంగడి రోజు నేల మీద కూర్చుని టార్చిలైట్లు, కుక్కర్ల మూతలు బాగుచేసుకుంటున్నాడని తెలిసింది. రేపు చెబుదామనుకున్నాను. అలాంటి రేపులు నా దగ్గర ఏడాదికి సరిపడా ఉన్నాయి.

మళ్లీ చలికాలం వచ్చింది, మళ్లీ అత్తగారు వచ్చింది. ఎండుమిరపకాయలు కొనాలని నన్ను వెంటబెట్టుకుని అంగడికి బయల్దేరింది. మిరపకాయల కుప్ప దాటగానే జహంగీర్ కనిపించాడు. మనిషి సగమయ్యాడు. తెల్లటి పట్టా పరిచి, దానిమీద పానాలు, స్క్రూడ్రైవర్లు పేర్చుకున్నాడు.

"ఓ జాంగీరూ! ఇంక బతికే ఉన్నవా? సూడుండ్రి, గీయనే నన్ను సంపబోయిండు!" అని అత్తగారు అందుకుంది. మిరపకాయలు బేరమాడేవాళ్లంతా బేరం ఆపి మూగారు. "వీని చేతికి కుక్కర్ మూత గుడ ఇయ్యకుండ్రి!"

జహంగీర్ తల ఎత్తలేదు. రెండు అరచేతులతో పట్టా అంచును నేలకు అదిమి పట్టుకున్నాడు. గాలి ఈడ్చి కొడుతోంది.

నన్ను చూసి గొంతు తగ్గించాడు. "సేటూ, అత్తమ్మను జర తోల్కపోండ్రి. గాలి మస్తున్నది."

గాలికీ అత్తమ్మకూ ఏం సంబంధమో నాకు అర్థం కాలేదు. అంతలో అతని చేతికి అందని మూల ఒకటి టపటపా కొట్టుకుని పైకి లేచింది. లోపలి వైపు జోడించిన రెండు చేతులు కనిపించాయి. వేలికి ఉన్నది నా ఉంగరమే.

నేను అతని పక్కన కూర్చుండిపోయాను. "బోర్ల పరిచినవేంది భాయ్?"

"మీది పెద్దమనిషి బతుకు సేటూ. నలుగురు సూస్తే అడుగుతరు, యాడిదని. అత్తమ్మ ముందట అల్లుని ఇజ్జత్ పోవద్దు గద."

తన పేరు పోగొట్టినవాడి పరువును ఆ మనిషి ఏడాదిగా నేలకు అదిమి పట్టుకుని కూర్చున్నాడు. కనీసం తిట్టి ఉంటే బాగుండేది. ఏదో ఒకటి సర్దిచెప్పుకునేవాణ్ణి.

నేను పానాలూ స్క్రూడ్రైవర్లూ ఒక్కొక్కటిగా తీసి పక్కన పెట్టాను. "వద్దు సేటూ, వద్దు" అంటూనే ఉన్నాడు. పట్టా అందుకుని తిరగేసి పరిచాను. నూనె మరకల మధ్య ఇరవై ఏళ్లు చిన్నవాణ్ణయి, కాలనీవాసులకు శుభాకాంక్షలు చెబుతూ అంగడి మధ్యలో నవ్వాను.

అత్తగారు వంగి చూసింది. "గిది నీ ఫోటో గద అల్లుడా? గీయన దగ్గరికి ఎట్లొచ్చింది?"

"మన బాత్రూం కిటికీలకెల్లి వచ్చింది అత్తమ్మా. నీకు గాలి కొట్టొద్దని నేనే కుక్కిన. వద్దని ఈయన ముందే చెప్పిండు. నువ్వు పడిపోయింది నా వల్ల. ఈయన చేసిన పనిల తప్పు లేకుండె."

మిరపకాయల ఘాటుకు కూడా ఎవరూ తుమ్మలేదు. అత్తగారు నా వైపు చూడకుండా జహంగీర్ వైపే తిరిగింది.

"ఏడాది సంది తిడుతున్న గద బిడ్డా. ఒక్క మాట చెప్పకపోతివి?"

"అల్లుడే చెప్తడనుకున్ననమ్మా" అన్నాడు జహంగీర్.

నేను లేచి నిలబడ్డాను. నన్ను ఏకగ్రీవంగా ఎన్నుకున్న మీటింగుకు ఎవరూ రాకపోయినా, ఈసారి మీటింగుకు ఊరంతా వచ్చింది. "అందరు ఇనుండ్రి. ఇగ నా పాణం పోయేదాక ఫ్లెక్సీ కొట్టియ్య. మా ఇంట్ల గా కిటికీ మూయ. తప్పు నాదైననాడు నోరు గుడ మూయ" అని ఒట్టు పెట్టుకున్నాను. అలవాటు కొద్దీ మాట చివర ముఖం మీదికి నవ్వు రాబోయింది.

"ఫోటోల దండం పెట్టినవ్ గని, చేతులతోటి పెట్టు" అంది అత్తగారు.

పెట్టాను.

"జహంగీర్ భాయ్, తప్పు నాది. నీ పేరు ఖరాబు చేసింది నేను. మాఫ్ చెయ్."