మోండిఖ్ అత్త

ఎంక్‌హౌజన్ రేవులో హెరింగ్ చేపలమ్మి బతికిన ఆఫ్కెకి నోరు పెద్దది. చేపను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసినవాణ్ని ఆమె దులిపేస్తే వీధి చివరిదాకా వినిపించేది. మొగుడు పోయాడు, పిల్లల్లేరు, రేవు పక్కన ఒక ఇల్లు మాత్రం మిగిలింది.

ఏళ్ల తరబడి తొంగిచూడని మేనల్లుడు సీమెన్ ఈమధ్య ఆ ఇంటికి తెగ వస్తున్నాడు, అదీ వెన్న కేకుతో! ఆఫ్కె కేకు తింటూనే వాడి కళ్లను కనిపెడుతూ ఉండేది. అవి ఆమె మీద కన్నా గోడల మీదే ఎక్కువగా తిరిగేవి.

"ఏరా, గోడలు కొలుస్తున్నావా?"

"ఛ, అదేం మాటత్తా! నీ మంచి కోసమే వస్తున్నా."

మంచట, మంచి! అనుకుంటూ ఆమె ఇంకో కేకు ముక్క నోట్లో పెట్టుకునేది.

అనుమానమే నిజమైంది. అత్తకు మతి సరిగా లేదు, తనను సంరక్షకుణ్ని చేయండని వాడు కోర్టుకెక్కాడు. కోర్టు సరేనంటే ఇల్లు వాడి చేతికి, ఆఫ్కె వృద్ధాశ్రమానికి.

విచారించడానికి జడ్జిగారే ఇంటికొచ్చింది, సీమెన్ కూడా వచ్చి కూర్చున్నాడు. ఆఫ్కె ఆమెనూ నమ్మలేదు. కాఫీతో ఒక్క బిస్కట్టిచ్చి డబ్బా మూత బిగించేసింది.

"ఇవాళేం వారమండీ?" అంది జడ్జి.

"తెలీక అడుగుతున్నారా, నన్ను పిచ్చిదాన్ని చెయ్యడానికా?"

సీమెన్ ఎగిరిపడ్డాడు. "చూశారా మేడం? మోండిఖ్! మహా మోండిఖ్ మనిషి!"

వాళ్ల భాషలో మోండ్ అంటే నోరు, మోండిఖ్ అంటే నోరుగలదని వాడి ఉద్దేశం. మన చెవికైతే మొండి అని వినబడుతుంది, అదీ ఆమెకు తగిందే అనుకోండి. నా నోరే నా కొంప ముంచిందనుకుని ఆఫ్కె బిస్కట్ల డబ్బా మూత తీసి జడ్జి ముందుకు జరిపింది.

"నోరు కాదండీ అది," అంది జడ్జి సీమెన్ వైపు తిరిగి. "పాతకాలంలో ఇంకో మోండ్ ఉండేది. కాపుగాసే చెయ్యి అని అర్థం. ఆ చేతికింది నుంచి బయటపడి, తన సంగతి తానే చూసుకోగలిగినవాళ్లే మోండిఖ్. కోర్టులో మేజరైనవాళ్లని అనేమాట. మీ అత్త మోండిఖ్ అని మీరే అంటున్నారు. ఇక సంరక్షకుడెందుకు? మీ అర్జీ కొట్టేస్తున్నా."

సీమెన్ మొహం మాడిపోయింది. "నీ మంచికేనత్తా..." అని నసుగుతూ పోయాడు.

జడ్జి కూడా వెళ్లాక ఆఫ్కె తలుపు గడియపెట్టింది. గెలిచింది, ఇల్లు దక్కింది. కానీ కాపుగాసే చెయ్యి అన్న మాట ఆమెను వదల్లేదు. నిజంగా అలాంటి చెయ్యొకటి ఉంటే నేను కాదనేదాన్నా అనుకుని, కుర్చీలో కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది.