మందతో కదిలిన గోడలు

సౌదీలోని జుబైల్‌లో, రిఫైనరీ ఆపి మరమ్మతులు చేసే షట్‌డౌన్ పనికి నాతోపాటు వచ్చిన వెల్డర్లలో ఒక అమెరికన్ ఉండేవాడు, అక్కడి ఆదివాసుల్లో సూ తెగవాడు. ఓరోజు టీ తాగుతుంటే మా అక్క వీడియో కాల్ చేసి, "ఎండ దంచుతుందిరా, పిడకలు బాగా ఎండినయ్" అంటూ గోడ చూపించింది.

అతను తొంగిచూసి, "గేదె పేడేనా?" అన్నాడు ఆత్రంగా. "మా పూర్వీకులూ పేడతోనే వండుకునేవాళ్లు. మాది చెట్లు తక్కువున్న మైదానం. అడవిదున్న పేడే కట్టెలు, నరాలే దారం, ఎముకలే సూదులు."

"మరి పిడకలు ఏ గోడకు కొట్టేవాళ్లు?" అని అడిగాను.

అతను పెద్దగా నవ్వాడు. "గోడా? మా గుడారాలే దున్నతోళ్లు. మంద ఎటు కదిలితే మా గోడలూ అటే."

అక్కకు చెప్పాను. గోడ మీది పిడక ఊడదీస్తూ అంది:

"మన గేదె తాడు తెంపుకుంటే కర్ర పట్టుకుని ఎంటబడతాం. వాళ్లు ఇల్లు పట్టుకుని పోయేవాళ్లన్నమాట!"