పదిహేడు షరతుల బోరు

ఆ రోజుల్లో, తోటి ఆడపిల్లలు చీరల మీద మోజు పడుతుంటే నేను 'నిర్దేశించడమైనది' అనే మాట మీద మోజు పడ్డాను. ఇదేం రుచో ఇప్పటికీ తెలియదు. కర్నూలులో ఒక దస్తావేజు రాతగాడి దగ్గర అప్పుడే పనికి చేరాను. ఆయన్ను అందరూ కామా సార్ అనేవాళ్లు (పత్రం మొత్తానికి ఫుల్‌స్టాపు ఒక్కటే, అదీ సంతకాల ముందు). "చెప్పడం వేరు, నిర్దేశించడం వేరమ్మా. ఇది ఇట్లుంటేనే ఒప్పుకుంటానని ముందే కాగితం మీద కట్టేస్తే అది నిర్దేశించడం. నోటిమాట మనిషి మర్చిపోతాడు, కాగితం మర్చిపోదు" అన్నాడాయన. అంతే, ఆ మాట నా తలకెక్కింది. చారులో కారం తగ్గించాలని అమ్మకు కూడా నిర్దేశించి తిట్లు తిన్నాను.

సరిగ్గా అప్పుడే కోడుమూరు దగ్గర మా చేనికి బోరు మాట వచ్చింది. రెండేళ్లు వరసగా పంట ఎండింది, ఈసారీ నీళ్లు పడకపోతే సేద్యం వదిలేస్తానని నాయన తేల్చేశాడు. పక్క చేను చిన్నాయనది. గట్టు తగాదాతో అన్నదమ్ములు మాటలు మానేసి, ఆదివారం చర్చిలో కూడా చెరో మూల కూర్చునేవాళ్లు. విడివిడిగా బోరు వేయించే తాహతు ఇద్దరికీ లేదు. అందుకని గట్టు మీద ఒకటే బోరు వేయాలని, ఒప్పందం నేను రాయాలని అవ్వ తీర్పు చెప్పింది. నా జన్మ ధన్యమైందనుకున్నాను.

"పగలు నీళ్లు నాకు, రాత్రి వానికని రాయి పాపా" అన్నాడు నాయన. "రాత్రంతా నేను మేలుకోవాల, ఆయప్ప నిద్రపోవాల్నా? యాడన్నా ఉండాదా ఈ న్యాయం?" అని చిన్నాయన నన్ను నిలదీశాడు (అన్నతో మాట్లాడడు కదా). వారం మార్చి వారం పగటి వంతని నిర్దేశించాను. మోటారు కాలితే ఎవరు బాగు చేయించాలి, ఎవరి బర్రె ఎవరి వంతులో తాగాలి, అన్నీ నిర్దేశించాను. మూడు సాయంత్రాలకు పదిహేడు షరతులు తేలాయి. చివరిది, నీళ్లు పొంగి చేను మునిగితే నష్టం ఎవరిదన్నది.

బోరు బండి వచ్చిన రోజు చర్చి అయ్యగారు ప్రార్థన చేశారు. పొద్దున మొదలైన బండి మధ్యాహ్నం దాకా దుమ్మే కక్కింది. "ఇంగ లాభం లేదప్పా" అని బండివాడు ఆపేశాడు. తల నుంచి పాదం దాకా తెల్లగా నిలబడ్డ ఇద్దరిలో ఎవరు నాయనో ఎవరు చిన్నాయనో పోల్చుకోలేకపోయాను. నాకు ఏడుపొచ్చింది. అప్పుడు అవ్వ అంది: "ఏం పాపా, శానా రాసినావే! ఈ దుమ్ము ఎవురికెంతని రాయలేదా?"

ముందు చిన్నాయన నవ్వాడు, ఆపుకోలేక నాయనా నవ్వాడు. చిన్నాయన తన తువ్వాలుతో అన్న మొహం తుడుస్తూ, "కండ్లు మూసుకోన్నా, దుమ్ము పడతాది" అన్నాడు. ఎన్నాళ్లకో పలికిన మాట అది. నాయన సేద్యం వదల్లేదు. ఆ ఏడు ఇద్దరూ కలిసి, వానను నమ్ముకుని రెండు చేలలోనూ కొర్ర వేశారు.

ఇప్పుడు కడపలో నేనే ఒప్పందాలు రాస్తున్నాను. ఆనాటి పత్రం నా బీరువాలో భద్రంగా ఉంది. అప్పుడప్పుడు తీసి చదివి నవ్వుకుంటాను. బర్రె వంతు కూడా మరవని ఆ పిల్లకు, అన్నదమ్ములు మాట్లాడుకోవాలని ఒక్క షరతు రాయడం మాత్రం తోచలేదు.