నా సీవీలో మా బావ

ఇన్నేళ్లుగా ఈ మాట గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. మింగుడుపడదు, బయటికీ రాదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. మా ఊళ్లో చెప్పే దమ్ము నాకు లేదు.

మాది కళింగపట్నం దగ్గర చేపల వేటకెళ్లే కుటుంబం. మా అక్క మొగుడు, అంటే మా బావ, పడవ మీదే పెరిగి, తర్వాత స్కాఫోల్డింగు పనిలో చేరాడు. ఫ్యాక్టరీల్లో పనివాళ్లు ఎక్కి నిలబడడానికి ఇనుప గొట్టాలతో మంచెలు కట్టే పని. మేస్త్రీ దాకా ఎదిగాడు. ఒక గల్ఫు కంపెనీ విశాఖలో సూపర్‌వైజర్లను తీసుకుంటోందని తెలిసింది. నలభై దాటితే తీసుకోరు. బావకు అదే ఆఖరి అవకాశం.

మా వైపు సీవీ తయారుచేయడమంటే ఏమిటో తెలుసా? ముందు వెళ్లినవాడి సీవీ తెచ్చుకుని పేరు మార్చుకోవడం. ఊరంతా అంతే. బావ మాత్రం ఒప్పుకోలేదు. తన పని తనదిగానే రాయాలన్నాడు. ఇంగ్లీషు రాదు కనుక నన్ను శ్రీకాకుళం నెట్ సెంటర్లో కూర్చోబెట్టుకుని చెబుతుంటే నేను టైపు కొట్టాను. ఒకసారి గాలివానలో మంచె ఊగిపోతుంటే, జారిపోతున్న మనిషిని కుడిచేత్తో పట్టుకుని, సాయం వచ్చేదాకా వదల్లేదట. తర్వాత ఆ భుజాన్ని కోసి కుట్టారు. మచ్చ ఇప్పటికీ ఉంది.

అప్పటికి నేను డిగ్రీ చదివి ఖాళీగా తిరుగుతున్నాను. బావ టీ తాగడానికి బయటికి వెళ్లాడు. ఆయనది పంపేశాక, అదే సీవీలో నేను పేరు మార్చాను. వయసు మార్చాను. నాదిగా మళ్లీ పంపేశాను. ఊరి అలవాటే కదా అనుకున్నానా? మా బావే కదా అని చులకనా? ఎంత తవ్వుకున్నా ఒక్కటే తేలుతోంది, నాకు ఉద్యోగం కావాలి, నన్ను నమ్మినవాడి నోటిదగ్గర కూడు లాక్కోవడం తేలికగా కనిపించింది.

నేను స్టోర్ కీపర్ పోస్టుకి వస్తున్నానని అబద్ధమాడాను. ఇద్దరం ఒకే బస్సులో వెళ్లాం. నన్ను ముందు పిలిచారు. పనిలో ఎదురైన కష్టం ఒకటి చెప్పమన్నారు. ఆ గాలివాన చెప్పాను. ఎంత బాగా చెప్పానో! ఛీ. తర్వాత బావ వెళ్లాడు. అద్దం తలుపులోంచి చూస్తూనే ఉన్నాను. ఆయన ఏదో చెబుతున్నాడు, వాళ్లు నవ్వుతున్నారు. బావ చొక్కా గుండీలు విప్పి భుజం చూపించాడు. వాళ్లు తలుపు చూపించారు. నన్ను మాత్రం తీసుకున్నారు.

బస్టాండులో బావ అన్నాడు, “నా కత నాకంటే ముందే ఎల్లిపోనాదిరా. పొద్దున్నే ఇన్నామంటన్నారు. ఎవుడో కాపీ కొట్టీసినాడు. మచ్చ సూపిత్తే, ఈ బుజంతో ఏటి సేత్తావని పంపీసినారు.”

“ఆ నెట్ సెంటరోడే ఎవుడికో ఇచ్చీసుంటాడు బావా.”

బావ భుజం తడుముకున్నాడు. “పోనీలే. నువ్వైనా సెలెక్టయినావు. మీ అక్కకి నాను సెప్పలేనురా. నువ్వే సెప్పు.”

చెప్పాను. అక్క ఏడుస్తూనే నాకోసం చేపల పులుసు వండింది. తిన్నాను కూడా.

బావ మచ్చ చూపించినప్పుడే ఆ కంపెనీవాళ్లకు నా అబద్ధం తెలిసే ఉంటుంది. వాళ్లకెందుకు? వయసులో ఉన్నాను, ఇంగ్లీషు వచ్చు. పని అక్కడికి వెళ్లాక, నా కింద పనిచేసేవాళ్లను చూసి నేర్చుకున్నాను.

పోయినేడు సెలవుకి వచ్చినప్పుడు, నా కింద పనిచేసే గజపతినగరం అతను మా ఇంటికి భోజనానికి వచ్చాడు. బావ కూడా ఉన్నాడు. ఆ భుజంతో వల లాగలేక, ఎవరివో ఎండుచేపలకు కాపలా కాస్తున్నాడిప్పుడు. ఆ వచ్చినతను బావతో సంబరంగా అన్నాడు, “మా సూపర్‌వైజరంటే ఏటనుకున్నారు! గాలివానలో పడిపోతన్న మనిసిని ఒంటిసేత్తో పట్టీసినాడంట!”

బావ నన్ను చూశాడు. తర్వాత చొక్కా పైగుండీ పెట్టుకున్నాడు.

“అవును బాబూ. పట్టుకున్నాడు,” అన్నాడు.

ఆ తర్వాత ఒక్క మాటా ఎత్తలేదు. చెంప పగలగొట్టినా బాగుండేది. క్షమించాడా? లేదు. తిట్టడానికి కూడా పనికిరానివాడినని వదిలేశాడు. ఆయన ముందు నోరు విప్పుతానో లేదో నాకే తెలియదు. మీకు మాత్రం చెప్పేస్తున్నాను. ఆ మనిషిని పట్టుకున్న చెయ్యి నాది కాదు, మా బావది. నా గురించి నేను రాసుకున్న మొదటి నిజం ఇదే. రాశాక కాస్త ఊపిరాడుతోంది.