ఏడు చుక్కలు

శుక్రవారం పొద్దున పదింటికి జైనూర్ దగ్గరి గూడెం నుంచి ఒకామె ఫోన్ చేసింది. సిగ్నల్ కోసం గుట్టెక్కి మాట్లాడుతున్నట్టుంది, గాలి చప్పుడులో మాట తెగిపోతోంది.

"దాదా, మా ఇల్లు కాలిన ముచ్చట యాదికుందా? సందుగ సుత కాలింది. అండ్లనే మా బాపు శిస్తు రసీదులుండె. సోమారం విచారణ పెట్టిన్రు. నువ్వు గంతకుముందే ఫోటోలు దీస్కున్నవ్ గదా?"

"తీస్కున్న. లాప్‌టాప్‌ల పైలంగున్నయి. ఫికర్ చెయ్యకు," అన్నాను.

చూసుకోకుండా అన్న మాట అది. ముప్పై ఏళ్లు పత్రికల్లో పనిచేసినవాణ్ణి, చూడనిది ఉందని రాయకూడదని నా తర్వాత వచ్చిన ఎందరికో చెప్పినవాణ్ణి.

దాదా అంటే వాళ్ల మాటలో అన్న. మూడేళ్ల కిందట ఆమె చేను గురించి ఒక వార్త రాశాను. తండ్రి కాలం నుంచి దున్నుతున్న భూమి, కాగితాల్లో మాత్రం పేరు లేదు. తండ్రి శిస్తు కట్టిన రసీదులు అయిదో ఆరో రేకు సందుగలో దాచుకుంది. వాటిని గడపలో ఎండకు పరిచి నేను ఫోటోలు తీశాను. మొన్నటి ఎండాకాలంలో ఇల్లు అంటుకుని సందుగ కాలిపోయింది. రసీదులు పోతే పోయాయి, వాటి నంబరు, సంవత్సరం చెప్పగలిగితే పాత రిజిస్టరు తీయిస్తానని విచారణ చేసే అధికారి అన్నాడట. నంబరు లేకుండా గది నిండా ఉన్న రిజిస్టర్లలో వెతకడం తన వల్ల కాదని కూడా అన్నాడట. ఫోటోలు తీసిన ఫోను మార్చేశాను. ఆ నంబర్లు ఇప్పుడు కరీంనగర్‌లో, మా ముందు గదిలో, నా లాప్‌టాప్‌లో మాత్రమే ఉన్నాయి.

లాప్‌టాప్ మూత తెరిస్తే నల్లగా ఉంది. చార్జర్ తీగ వదులై బ్యాటరీ మొత్తం దిగిపోయింది. తీగ సరిచేసి గంటసేపు పెట్టి, మీట నొక్కాను. తెర మీద తాళంకప్ప బొమ్మ, దాని కింద ఖాళీ గడి.

ఆ తాళం నేను వేయించిందే. ఇసుక లారీల మీద వరసగా రాస్తున్న రోజుల్లో ఎవరో ఫోన్ చేసి, మా ఇంటి గేటు ఏ రంగో చెప్పి పెట్టేసేవాళ్లు. మా ఆఫీసులో కంప్యూటర్లు చూసే అతనికి చెబితే, లాప్‌టాప్ తీసుకుని అరగంట కూర్చున్నాడు. "విండోస్ తాళం ఎవడన్నా తీస్తడన్నా. నేను దానికన్న కింద, బయోస్‌ల పెడ్తున్న. మిషన్ నిద్ర లేవకముందే అడుగుతది," అన్నాడు. బయటి నుంచి పెన్‌డ్రైవ్ పెట్టి ఎవరూ లేపకుండా, విండోస్ వచ్చేదాకా ఆ దారులన్నీ మూసేశాడు. లోపలి డిస్కుకు కూడా ఇంకో తాళం వేశాడు. అంకెలు నన్నే కొట్టమన్నాడు. నా మొదటి స్కూటర్ నంబరు, దాని వెనకే నేను విలేకరిగా చేరిన సంవత్సరం. మొత్తం ఎనిమిది.

తర్వాత ఆ తాళంతో పెద్దగా పనిపడలేదు. మా విలేకర్లకు లాప్‌టాప్ ఆపే అలవాటు ఉండదు. వార్త పంపి మూత వేస్తాం, మళ్లీ మూత తీస్తే నిన్నటి వాక్యం అక్కడే ఉంటుంది.

ఎనిమిది అంకెలు కొట్టాను. తప్పు అంది. మళ్లీ కొట్టాను. తప్పు. మూడోసారి ఒక్కో అంకె పైకి చదువుతూ కొట్టాను. తెర ఎర్రబడి, మిషన్‌కు తాళం పడింది, ఆపి మళ్లీ మొదలుపెట్టండని ఇంగ్లీషులో చెప్పి కదలకుండా నిలబడింది.

ఆపి, లేపి, మళ్లీ మూడు. అలా నాలుగు విడతలు.

ఖాళీ గడి మీద ఎంటర్ కొడితే బయోస్ సెట్టింగులు మాత్రం కనిపించాయి. తాళం, దారులు, డిస్కు, అన్నీ ఉన్నాయి. కానీ అన్నీ బూడిద రంగులో. బాణం మీట నొక్కితే వెలుగు వాటి మీద ఆగకుండా జారిపోతోంది. చూసుకోవచ్చు, ముట్టుకోవడానికి లేదు.

అప్పుడు పట్టుకుంది అసలు భయం. నాకు వార్త రాయడం నేర్పిన పెద్దాయన ఒకరు డెస్కులో ఉండేవారు. ఊళ్ల పేర్లు, సర్పంచుల పేర్లు, వాళ్ల తండ్రుల పేర్లు కూడా ఆయనకు నోటికి వచ్చేవి. ఒక రోజు మధ్యాహ్నం టీకి బయటికి వెళ్లి, తిరిగి ఆఫీసుకు ఎటు రావాలో తెలియక చౌరస్తాలో నిలబడిపోయారు. చేయి పట్టుకుని తీసుకొచ్చింది నేనే. "అంకెల కాడ మొదలైందిరా," అని దారిలో చెప్పారు.

పాత పేపరు అంచు మీద నా స్కూటర్ నంబరు రాశాను. దాని కింద మళ్లీ రాశాను. పదోసారికి అది నా నంబరులా కనిపించలేదు. వంటింట్లో మా ఆవిడ ఉంది. ఆ స్కూటర్ వెనక పన్నెండేళ్లు కూర్చున్న మనిషి. అడిగితే చెబుతుంది. నేను అడగలేదు. ఆమె వేరే నంబరు చెబితే ఏం చేయాలి?

మస్కట్ వెళ్లిపోయిన ఆ కంప్యూటర్ల అతనికి మెసేజ్ పెట్టాను. సాయంత్రానికి జవాబు వచ్చింది. "అన్నా, నువ్వు కొడ్తుంటే నేను మొఖం దిప్పుకున్న. నాకేం ఎర్క?"

శనివారం కరీంనగర్‌లో ఒక దుకాణానికి తీసుకెళ్లాను. బయోస్ తాళం అనగానే అక్కడి మనిషి పెదవి విరిచాడు.

"చిన్న బ్యాటరీ దీస్తె పోతదని వీడియోల చూసిన," అన్నాను.

"గది పాత డబ్బలకు సార్. గీ లాప్‌టాప్‌లకు పోదు. బోర్డు మార్చాలె."

"మారిస్తె లోపలియి ఉంటయా?"

"డిస్కుకు సుత తాళమేసిన్రు గద? కొత్త బోర్డును అది గుర్తువట్టది. నలభై ఎనిమిది అంకెల కోడ్ అడుగుతది. ఉందా మీ తాన?"

నా దగ్గర ఉన్న ఎనిమిదే పనిచేయడం లేదు.

"లేకుంటె మొత్తం తుడిచి కొత్తగ ఎక్కిస్తం. లాప్‌టాప్ అయితె మంచిగయితది," అన్నాడు. లాప్‌టాప్ మంచిగవుతుంది. జైనూర్ చేను పోతుంది. అతను స్క్రూడ్రైవర్ అందుకుంటుంటే చెయ్యి అడ్డం పెట్టి లాప్‌టాప్ లాక్కున్నాను. కోపం వచ్చినట్టుంది, పైన పంకా ఆపేశాడు.

లక్సెట్టిపేటలో ఒకామె లాప్‌టాప్‌లు బాగుచేస్తుందని, తొందరపడి బోర్డులు మార్చదని పాత స్నేహితుడు ఒకరు చెప్పారు. ఫోన్ చేశాను. "రేపు ఆదివారం సార్. చర్చి అయినంక పన్నెండింటికి తెరుస్తా," అందామె. జైనూర్ బస్సు కూడా అటే వస్తుంది కాబట్టి చేను ఆమెను లక్సెట్టిపేటకే రమ్మన్నాను. ఫోటోలు దొరకలేదని చెప్పలేదు, దొరికాయనీ చెప్పలేదు.

ఆదివారం బస్సులో లాప్‌టాప్ సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. గోదావరి వంతెన మీద పక్క సీటాయన చిల్లర నీళ్లలోకి విసిరి దండం పెట్టుకున్నాడు. నేను కిటికీ అద్దం మీద వేలితో ఆ ఎనిమిది అంకెలే రాస్తున్నాను.

జైనూర్ ఆమె నాకన్నా ముందే వచ్చి దుకాణం మెట్ల మీద కూర్చుంది. ముడి గట్టిగా బిగించి, మంచి చీర కట్టుకుంది. రేపటికి సిద్ధమై వచ్చిన మనిషి.

"దొరికినయా దాదా?"

"గీ లాప్‌టాప్‌లనే ఉన్నయి. తెరుచుకుంట లేదు."

ఆమె సంచి వైపు చూసింది. పక్కకు జరిగి మెట్టు మీద నాకు చోటిచ్చింది.

పన్నెండు దాటాక దుకాణం ఆమె బైబిల్ సంచితోనే వచ్చి తాళం తీసింది. నా నాలుగు విడతల కథ విని, లాప్‌టాప్ నా వైపే తిప్పింది. "మీరే కొట్టున్రి సార్. నేను మీ అంకెలు చూడ. తెర చూస్త. ఎంటర్ మాత్రం కొట్టకున్రి."

ఎనిమిదీ కొట్టాను.

"ఎన్ని కొట్టిన్రు?"

"ఎనిమిది."

"చుక్కలు ఏడే వడ్డయి."

నేను తల వంచి చూశాను. గడిలో ఏడు నల్ల చుక్కలు. మూడు రోజులుగా అవి నా కళ్ల ముందే ఉన్నాయి. ఒక్కసారీ లెక్కపెట్టలేదు.

"ఒక మీట పనిచేస్తలేదు సార్. రోజు మీరు దేంతోటి కొడ్తరు?"

"బయట పెద్ద కీబోర్డుంటది. దాంతోటే."

"అందుకే ఎర్క గాలే. విండోస్ వచ్చేదాంక బయటిది పన్జెయ్యకుంట పెట్టిన్రు, లోపటిది సగం సచ్చింది." అంకెల వరసకు మొహం దగ్గరగా పెట్టి, వేలితో నిమిరింది. వేలికి సన్నగా ఎరుపు అంటింది. ఆమె నవ్వాపుకోవడానికి ప్రయత్నించింది, కుదరలేదు. "దసరాకు బొట్లు వెట్టిన్రా?"

మా ఆవిడ పెట్టిందని చెప్పాను. ఆయుధ పూజ నాడు మా ఇంట్లో కెమెరాకు, కలాలకు, లాప్‌టాప్‌కు పసుపు కుంకుమ పెడతారు. ఎప్పుడూ మూత మీదే పెట్టేవాళ్లు. ఈసారి నేను వార్తలో ఉండి మూత వేయలేదు. మా ఆవిడ పళ్లెం పట్టుకుని నిలబడి, "మూత వెయ్యవయ్యా, బొట్టు వెట్టాలె," అంటే, "గా మీటల మీదనే వెట్టు, గదే నా నాగలి," అని పెద్ద మాట చెప్పాను. ఆమె తడి వేలితో పసుపు రాసి, దాని మీద కుంకుమ అద్దింది. మూడు చోట్ల.

"మా ఇండ్ల గా పూజ లేదు సార్. గని దసరా పోయినంక పది దినాలు నాకే పండుగ," అంది దుకాణం ఆమె. "లాప్‌టాప్‌లు, ప్రింటర్లు, ఒకసారి కుట్టు మిషన్ సుత తెచ్చిన్రు."

సన్నటి ప్లాస్టిక్ పుల్లతో అయిదు అంకె ఉన్న మీట ఎత్తింది. కింద ఎర్రగా పసుపుగా గట్టిపడిన పెచ్చు. స్పిరిట్‌లో ముంచిన బ్రష్‌తో నెమ్మదిగా గీకుతుంటే పొడి తెల్ల కాగితం మీద రాలింది. జైనూర్ ఆమె ముందుకు వంగి చూస్తోంది. మీట మళ్లీ బిగించి నొక్కమంది. చుక్క పడలేదు. మళ్లీ ఎత్తింది, మళ్లీ తుడిచింది. ఈసారి చిన్న పంకా ముందు ఆరబెట్టింది.

"ఇగ కొట్టున్రి."

కొట్టాను. ఎనిమిది చుక్కలు.

ఎంటర్ మీద వేలు పెట్టి ఆగిపోయాను. ఇంతవరకూ తప్పు మీటది. ఇప్పుడు కూడా తెర ఒప్పుకోకపోతే ఇక తప్పు వేసేందుకు మీట లేదు, కుంకుమ లేదు. నేనొక్కణ్ణే మిగులుతాను. చౌరస్తాలో నిలబడిన ఆ పెద్దాయన ముఖం కళ్ల ముందుకొచ్చింది.

"కొట్టు దాదా," అంది జైనూర్ ఆమె. "మల్ల నాకు నాలుగింటి బస్సుంది."

కొట్టాను. తాళంకప్ప పోయింది. తెర నల్లగా అయింది. ఆ నలుపు ఎంతసేపు ఉందో చెప్పలేను. తర్వాత విండోస్ వెలిగి, గురువారం రాసిన వార్త ఫైలు తెర మూలన కనిపించింది.

ఫోటోలు వెతకడానికి ఇంకో పావుగంట పట్టింది. ఆరు రసీదుల్లో రెండింటి మీద నా నీడ పడి అంకెలు తేలలేదు. నాలుగు బాగున్నాయి. ఒకదాన్ని పెద్దది చేసి చూపిస్తే, చదువు రాని ఆమె నంబరు వైపు చూడలేదు. కింది మూలన ఉన్న తండ్రి వేలిముద్ర మీద తన బొటనవేలు పెట్టి చూసుకుంది. పక్క జిరాక్స్ సెంటర్‌లో మూడు జతలు తీయించాను. ఒకటి చీర కొంగులో, ఒకటి సంచిలో పెట్టుకుంది. మూడోది నన్నే ఉంచుకోమంది. "నీ మిషన్‌ల వద్దు దాదా. కాయిదమే ఉంచు," అంది.

దుకాణం ఆమె ఇప్పుడు తెల్లగా వెలుగుతున్న సెట్టింగుల్లోకి వెళ్లి, బయటి కీబోర్డుకు దారి తెరిచింది. తాళం తీసెయ్యమంటారా అని అడిగింది. మా ఇంటి గేటు రంగు చెప్పిన గొంతు ఇంకా గుర్తుంది. ఉండనీయమన్నాను.

సాయంత్రం ఇంటికొచ్చి జరిగిందంతా చెప్పాను. మా ఆవిడ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది.

"నన్ను ఒక్క మాట అడిగితె అయిపోతుండె గద," అని, తల ఎత్తకుండానే నా స్కూటర్ నంబరు చెప్పింది. నా నంబరే. "నాగలట నాగలి. వచ్చే దసరాకు మూతేసి వెట్టు."

సోమవారం మూడింటి దాకా ఫోన్ చేతిలోనే ఉంచుకున్నాను. మూడున్నరకు మోగింది. వెనక బస్టాండు చప్పుడు.

"దాదా, రిజిస్టర్ దొరికింది. బాపు పేరుంది. మల్ల నెలకు రమ్మన్నరు."

"పేరు సరిగ్గనే ఉందా? నంబరు కలిసిందా?"

"నాకు సదువొస్తదా? సారు సదివిండు. రెండుసార్లు సదువుమన్న. రెండుసార్లూ బాపు పేరే సదివిండు." బస్సు హారన్‌లో ఆమె మాట మునిగి, మళ్లీ తేలింది. "నీ ఇంటామెను ఏమనకు దాదా. బొట్టు వెట్టింది, గంతే గదా."