ఉత్తరపు కిటికీ వాటా

ఆవిడ పని రఫ్ఫు. శాలువాకి మేకు గీరుకున్నా, కోటు మీద నిప్పురవ్వ పడ్డా, ఆ బట్టలోంచే దారాలు లాగి, చిల్లు ఎక్కడుండేదో తొడుక్కున్నవాడికే తెలియకుండా నేసేస్తుంది. వీధి వీధంతా ఆవిడని రఫ్ఫక్క అంటారు. చేతికి అంత ఓర్పు ఇచ్చిన దేవుడు నోటికి మాత్రం చిటికెడు కూడా ఇవ్వలేదు.

పనంతా ఇంటి వెనక గదిలో, ఉత్తరపు కిటికీ పక్కన. ముప్ఫై ఏళ్లుగా అదే బల్ల. బల్బు వెలుతురులో ముదురు నీలం దారం నలుపుగా కనిపించి కొంప ముంచుతుంది. ఆ కిటికీ దగ్గర ఏ రంగు ఆ రంగులాగే ఉంటుంది. అరవై దగ్గరపడుతున్న కళ్లకి ఇక వేరే చోట ఆ పని సాగదు.

తండ్రి పోయాక తమ్ముడు ఆ ఇంట్లో సగం వాటాకి దావా వేశాడు. తాతలు దిగొచ్చినా గజం వదలనంది అక్క. ఏడేళ్లు కోర్టు చుట్టూ తిరిగి ఇద్దరి చెప్పులూ అరిగాయి. చివరికి విసుగెత్తి జడ్జిగారు వాళ్లని రాజీ గదికి పంపారు. అక్కడ మధ్యవర్తిగా కూర్చున్న పెద్దావిడ ఒకప్పుడు వకీలు. నాన్చుడు లేకుండా తేల్చేసింది.

"ఇంటిని అక్క రెండు వాటాలు చెయ్యాలి. తమ్ముడు ముందు కోరుకోవాలి. సరేనా?"

సరేనన్నారు. రఫ్ఫక్క లోలోపల మురిసిపోయింది. ఇంటి పటం మీద గీత గీసింది. వీధి వైపు మూడు గదులూ, షట్టరూ ఒక వాటా. వెనక గదీ, వంటిల్లూ, ఇరుకు పెరడూ ఇంకో వాటా. వెనకది కావాలనే తగ్గించింది. కక్కుర్తి వెధవ పెద్దదాని మీద ఎగబడతాడని ఆవిడ ధీమా.

తమ్ముడు పటం వైపు చూడనైనా లేదు. "వెనక వాటా," అన్నాడు.

రఫ్ఫక్క రాజీ పత్రం టైపవుతుండగా వరండాలో అతణ్ణి నిలేసింది.

"ఆ ఇరుకు కొంప ఏం చేసుకుంటావురా?"

"తాళం వేసుకుంటా."

"నా నోటి దగ్గర కూడు లాక్కోడానికా? నీకేం అపకారం చేశాన్రా?"

"చిన్నప్పట్నుంచీ నువ్వింతే అక్కా. ఏది పంచినా నీకు కావాల్సిందే కాస్త చిన్నగా చేసి పక్కన పెడతావ్. నాకు తెలీదనుకున్నావా? తెలిసే పెద్దది తీసుకునేవాణ్ణి. నాన్న మంచాన పడితే మూడుసార్లొచ్చాను. నిద్రపోతున్నాడని మూడుసార్లూ గుమ్మంలోంచే పంపేశావ్. ఆయన పోయాక, కన్నతండ్రి మొహం చూడని కొడుకని కోర్టు కాగితంలో రాయించావ్. అది అబద్ధమని జడ్జిగారి ముందు ఒక్క మాట చెప్పు. ఆ వాటా నువ్వే తీసుకో."

అతను చెప్పినదాంట్లో అబద్ధం లేదు. కొడుకుని చూస్తే ముసలాయన మెత్తబడి ఇల్లు రాసిచ్చేస్తాడేమోనని ఆవిడే పంపేసింది.

జడ్జిగారు ఇద్దర్నీ కోర్టు హాల్లోకి పిలిచి రాజీ పత్రం చదివి వినిపించారు. "ఎవరి బలవంతమూ లేదు కదమ్మా? ఇంకేమైనా చెప్పుకోవాలా?"

రఫ్ఫక్క వెనక్కి చూసింది. బెంచీల మీద వీధివాళ్లు కూర్చున్నారు. ఆవిడ మాట నమ్మి ఏడేళ్లుగా తమ్ముణ్ణి దుమ్మెత్తిపోసినవాళ్లు. వాళ్లందరి ముందూ ఎలా చెప్పడం? తమ్ముడు మాత్రం ఆవిడ నోటివైపే చూస్తున్నాడు. కిటికీ కళ్ల ముందు మెదిలింది. నోరు తెరిచింది.

"ఇంకేం లేదండీ," అంది.

సంతకం పెట్టింది. తమ్ముడూ పెట్టాడు. పెడుతూ పెడుతూ చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. కోరుకున్న వాటా దక్కినవాడికి ఏడుపెందుకని బెంచీలవాళ్లు గుసగుసలాడుకున్నారు. ఎందుకో తెలిసింది రఫ్ఫక్క ఒక్కదానికే.